ఎదుటి పేజీలోని ఫోటో గురించి

సావనీరులో ఫోటో కింద మామూలుగా ఒక లైను వుంటుంది. ‘కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి’ అని మొదలై పేర్లు అయిపోగానే అదీ అయిపోతుంది. ఈసారి ఎదుటి పేజీలో ఒక పాత ఫోటో కింద ఏడెనిమిది లైన్లు పడ్డాయి. ప్రూఫులు చూస్తున్న ఎడిటోరియల్ బోర్డు పిల్లలు, “ఇది క్యాప్షనా సార్, వ్యాసమా?” అని అడిగారు. క్యాప్షనే. అంత పొడుగు ఎందుకయిందో చెప్పమని వాళ్ళే ఈ నాలుగు పేజీలు నాకు వదిలారు కాబట్టి వ్యాసం ఇది.

సంగతి ఇట్లా మొదలయింది. బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకరు, పాత పుస్తకంలో పెట్టి జాగ్రత్తగా ఒక ఫోటో తెచ్చింది. పోస్టు కార్డు సైజు, నలుపు తెలుపు, అంచులు పసుపెక్కినయి, కుడి పై మూల చిరిగింది. నాలుగు రబ్బరు చక్రాల మీద ఇనుప పెట్టె లాంటి బండి, దాని నెత్తిన చిన్న గోపురం, గోపురంలోంచి తుపాకి గొట్టం. బండి ముందు యూనిఫారాల్లో నలుగురు పడుచువాళ్ళు. అందులో ఎడమ నుంచి రెండో అతను ఆ అమ్మాయికి పర్‌దాదా, అంటే తండ్రికి తాత.

పిల్లలకు హుషారు వచ్చింది. సాయంత్రానికల్లా క్యాప్షన్ రాసి తెచ్చారు: ‘రజాకార్ల ట్యాంకు, 1938. అరుదైన చిత్రం.’ నేను చదివి, ఆ అమ్మాయి ముఖం చూశాను. ఆమె ఏమీ అనలేదు గానీ ఫోటో తిరిగి తీసుకుపోవడానికి చెయ్యి చాపింది. ‘రజాకార్ల’, ‘ట్యాంకు’, ‘1938’ - మూడు ముక్కల్లో ఒక్కటీ నిలబడదు. వాటిల్లో ఒకటయితే ఒక ఇంటి మీద మచ్చ వేస్తుంది. పిల్లలను కోప్పడలేదు. కోప్పడే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో ముందు చెప్పుకోవాలి.

2008లో పోలీసు చర్యకు అరవయి ఏళ్ళు నిండిన సందర్భంగా ఇట్లాంటి సంచికలోనే నేనొక ఫోటో వేయించాను. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో దొరికిన ఒక ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించింది. తాటిచెట్ల నడుమ నుంచి వస్తున్న షెర్మన్ ట్యాంకు, వెనక ఆకాశమంతా దుమ్ము, పక్కన ఎద్దులబండి. చూస్తే అచ్చం మన మెదక్, జహీరాబాద్ దిక్కే. ‘1948 సెప్టెంబర్: జహీరాబాద్ మీదుగా వస్తున్న భారత సైన్యం’ అని ధైర్యంగా రాసేశాను. అందరూ బాగుందన్నారు. ఒక పెద్దమనిషి దాన్ని పెద్దది చేయించి ఇంట్లో గోడకు పెట్టుకున్నాడు కూడా.

మా అమ్మది జహీరాబాద్ రోడ్డు మీది పల్లె. అప్పటికి ఆమెకు పదేళ్ళు. చదువు రాదు. సావనీరు ఇంటికి తీసుకుపోయి ఆ పేజీ చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. “గిది మన దిక్కుది కాదు బిడ్డా” అన్నది. “అగో, తాటిచెట్లు గనవడుతలేవా?” అన్నాను. “తాటిచెట్లు యాడ లేవు? మిల్ట్రీ వచ్చింది భాద్రపదంల. వానకాలంల గింత దుబ్బ ఎట్ల లేస్తది? చేన్ల పంటేది? ఆ యాల్ల జొన్న మనిషెత్తు మీదికి వుండె. గా జొన్నలల్లనే మేమంత దాసుకుంటిమి. గట్ల మీద గునుగు తెల్లగ పూసి వుండాలె, ఒక్క పువ్వన్న వున్నదా చూడు.”

నేను మళ్ళీ చూశాను. కోసేసిన మోళ్ళు, బీడు, దుమ్ము. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన చర్యకూ ఆ ఎండిన పొలానికీ సంబంధం లేదు. వేసవి ముంగిట తీసిన ఫోటో అది. చరిత్రలో ఎమ్మే చేసిన నేను ట్యాంకును చూశాను. మా అమ్మ చేను చూసింది.

కొన్నేళ్ళ తర్వాత అదే ఫోటో లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో కనపడింది. యుద్ధకాలంలో సైన్యం వెంట తిరిగిన ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు తీసిన నెగటివులు అక్కడ లక్షల సంఖ్యలో వున్నాయి. ప్రతిదానికీ ఒక నంబరు, నంబరుకు ముందు అక్షరాలు వుంటాయి. ఇండియా వైపు నుంచి వెళ్ళిన వాటికి ఐ.ఎన్.డి. అని వుంటుంది. నా ఫోటోకు అక్కడున్న వివరం: బర్మా, మెయిక్తిలా ప్రాంతం, 1945 మార్చి. మధ్య బర్మా వానలు తక్కువ పడే మెట్ట నేల. తాటిచెట్లు, ఎద్దులబండ్లు, ఎర్ర దుమ్ము, అన్నీ మన దగ్గర లాగే వుంటాయి. అందుకే నేను మోసపోయాను అనుకోవచ్చు గానీ, నన్ను ఎవరూ మోసం చేయలేదు. పత్రిక ముక్క కత్తిరించేటప్పుడు కింది లైనును నేనే కత్తెరకు బలి ఇచ్చాను.

ఇందులో ఇంకో చిత్రం వుంది. మెయిక్తిలాలో జపాను సైన్యంతో పోరాడిన 255వ భారత ట్యాంకు బ్రిగేడులో, షెర్మన్ ట్యాంకులతో వున్న రెజిమెంట్లలో ఒకటి రాయల్ డెక్కన్ హార్స్. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం రాజ్యంలో తయారైన గుర్రపు దళాలే ఆ రెజిమెంటుకు మూలం. 1916 జులైలో ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, ఆ దళం వాళ్ళు బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దాడికి పోయారు. ముప్ఫయి ఏళ్ళు నిండకుండానే అదే పేరుతో ముప్ఫయి టన్నుల ఇనుములో కూర్చుని బర్మాలో తిరిగారు. అంటే నేను సరైన క్యాప్షన్ రాసి వున్నా ఆ ఫోటో మన దక్కన్‌కు చుట్టమే అయ్యేది. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

సరే, ఇక ‘ట్యాంకు’ అనే మాట సంగతి.

మన వాళ్ళకు ఇనుప కవచం వున్న ప్రతి బండీ ట్యాంకే. సైన్యంలో అట్లా కాదు. ఇనుప పట్టాల మీద దొర్లేది ట్యాంకు, మామూలు లారీ చక్రాల మీద నడిచేది ఆర్మర్డ్ కారు. ట్యాంకు పొలంలో, వాగులో పోతుంది. ఆర్మర్డ్ కారు రోడ్డు మీద వేగంగా పోయి శత్రువు ఎక్కడున్నాడో చూసి వస్తుంది. ఫోటోలో బండి పేరు తెలుసుకోవాలంటే అందరూ ఫిరంగి వైపు చూస్తారు. చూడవలసింది కాళ్ళ వైపు. ఫిరంగి మారుస్తారు, గోపురం మారుస్తారు, చక్రాల అమరిక అంత తేలికగా మారదు. షెర్మన్‌కు ఒక్కో పక్కన రెండేసి చక్రాల జతలు మూడు వుంటాయి, బండి ఎత్తుగా ఇల్లు లాగా కనపడుతుంది. స్టూవర్ట్ అనే తేలిక ట్యాంకుకు అట్లాంటి జతలు రెండే, వాటి వెనక నేలకు ఆనుకుని ఒక పెద్ద చక్రం. 1950ల నడిమి నుంచి మన సైన్యానికి వచ్చిన సెంచూరియన్‌కు ఆరు చక్రాలు, పక్కలకు లంగా కట్టినట్టు ఇనుప రేకులు వేలాడుతుంటాయి. రష్యా టి-55కు అయిదు పెద్ద చక్రాలు, మొదటి దానికీ రెండో దానికీ మధ్య ఎడం ఎక్కువ. ఈ లెక్క వచ్చిన వాడికి 1965 యుద్ధం ఫోటోను 1948 అని అంటగట్టడం కుదరదు.

స్టూవర్ట్ పేరు వచ్చింది గనక ఒక మాట. అదే 1948లో, హైదరాబాద్ చర్య ముగిసిన ఆరు వారాలకు, నవంబరు 1న, కాశ్మీరులో జోజిలా కనుమ మీదికి 7వ లైట్ కావల్రీ వాళ్ళు స్టూవర్టులు ఎక్కించారు. పదకొండు వేల అడుగుల ఎత్తున ట్యాంకులు వస్తాయని ఎదుటి పక్షం వాళ్ళు కలలో కూడా అనుకోలేదు. గూఢచారుల కళ్ళు కప్పడానికి గోపురాలు విప్పి విడిగా తరలించారు. కాబట్టి 1948 నాటి ట్యాంకు ఫోటోలన్నీ మనవే అనుకోకూడదు. వెనక మంచు కొండలున్న ఫోటోను కూడా ‘హైదరాబాద్ మీద దండయాత్ర’ అని వేసిన వాళ్ళున్నారు. మా అమ్మ చూసి వుంటే ఏమనేదో!

మన అమ్మాయి తెచ్చిన ఫోటోలో బండికి నాలుగు రబ్బరు చక్రాలు. పలకలు మడిచి అతికించిన పెట్టె లాంటి ఒళ్ళు. ఇది ఇంగ్లండులో రూట్స్ కంపెనీ కట్టిన హంబర్ ఆర్మర్డ్ కారు. దీని అడుగు చట్రం నిజానికి మన వైపు సైన్యానికి ఫిరంగులు లాగడానికి తయారు చేసిన కారియర్ బండిది. దాని మీదనే కవచం ఎక్కించారు. యుద్ధం అయిపోయేలోగా మూడున్నర వేల పైచిలుకు కట్టారు. దీనితో పొరబడగలిగింది స్టాగ్‌హౌండ్. అది అమెరికాలో షెవ్రొలే వాళ్ళు బ్రిటిషు సైన్యం కోసం కట్టింది. పద్నాలుగు టన్నులు, గుండ్రని ముక్కు, పోత పోసిన గుండ్రని గోపురం, చూడగానే బరువు తెలుస్తుంది. మన ఫోటోలోది అది కాదు.

ఇంకొకటి కూడా వుంది, మన దేశంలోనే కట్టింది. కెనడా నుంచి వచ్చిన ఫోర్డు చట్రం మీద జంషెడ్‌పూర్‌లో టాటాలు తయారు చేసిన ఉక్కు పలకలు బిగించి, రైల్వే వర్కుషాపుల్లో నాలుగు వేలకు పైగా బండ్లు తయారు చేశారు. సైనికులు వాటిని ముద్దుగా ‘టాటానగర్’ అనేవారు. ఆఫ్రికా ఎడారిలో, ఇటలీలో, బర్మాలో తిరిగిన భారతీయ బండి అది. ఎంతమంది విద్యార్థులకు ఆ పేరు తెలుసు? పాఠ్యపుస్తకాల్లో లేదు. ఫోటోల్లో మాత్రం వుంది, చాలాసార్లు పేరు లేకుండా. ఇక్కడ ఒక పక్క మాట: యెద్దుమైలారంలో 1984లో స్థాపించిన ఆయుధ కర్మాగారం పేరులో మెదక్ వుంది కాబట్టి, బయటి ఊర్ల స్నేహితులు ఇప్పటికీ నన్ను ‘మీ ఊళ్ళో ట్యాంకులు చేస్తారట గదా’ అని అడుగుతారు. యెద్దుమైలారం మన పట్నంలో లేదు, శంకర్‌పల్లి దిక్కున వుంది. 2016 నుంచి అది సంగారెడ్డి జిల్లా. అక్కడ తయారయ్యే ‘శరత్’ కూడా ట్యాంకు కాదు, సైనికులను లోపల కూర్చోబెట్టుకుని పోయే పోరు వాహనం. దాని ఫోటో కూడా సంచికలో వేద్దామని ఒక కుర్రవాడు సలహా ఇచ్చాడు. రక్షణ కర్మాగారాల దగ్గర కెమెరా తీస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం అడ్డం వస్తుంది నాయనా, మనం డెబ్బయి అయిదేళ్ళ వెనకటి బండితో సరిపెట్టుకుందాం అన్నాను.

తర్వాత తారీఖు. ఫోటో వెనక రబ్బరు ముద్ర సగం చెరిగిపోయి ‘సికిందరాబాద్’ అనే మాట మాత్రం మిగిలింది. దాని కింద ఉర్దూలో ‘సన్ 1357’ అని సిరా రాత. పిల్లలు దాన్ని హిజ్రీ సంవత్సరం అనుకుని, సెల్‌ఫోనులో లెక్క కట్టి 1938 అన్నారు. లెక్క తప్పు కాదు, హిజ్రీ 1357 అంటే 1938-39. కానీ నిజాం రాజ్యంలో కచేరీ పనులకు, కాగితాలకు ఫసలీ సంవత్సరం నడిచేది. పహాణీ నకలు చూసిన రైతు కుటుంబాల పిల్లలకు ఈ మాట కొత్త కాదు. ఫసలీకి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హైదరాబాదులో ఆ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆ లెక్కన 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. ఉర్దూలో హిజ్రీ అయితే అంకె పక్కన ‘హే’, ఫసలీ అయితే ‘ఫే’ అక్షరం పెడతారు. ఆ అక్షరం వుండవలసిన చోటే మన ఫోటో చిరిగింది!

ఇక్కడ బండి సాక్ష్యం చెప్పింది. హంబర్ ఆర్మర్డ్ కారు సైన్యంలోకి వచ్చింది 1941లో. 1938లో అది భూమ్మీద లేదు. లేని బండి ముందు నిలబడి ఎవరూ ఫోటో దిగలేరు గనక అది ఫసలీయే. పాత ఫోటోల్లో యంత్రాలను గుర్తుపట్టడం వల్ల లాభం ఇదే. బండి మోడలు తెలిస్తే, తారీఖు దానికంటే ముందుకు జరగడానికి వీలుండదు. పెళ్ళి ఫోటోల్లో గడియారం, రేడియో, సైకిలు కూడా ఈ పని చేస్తాయి.

ఇక కష్టమైన మాట, ‘రజాకార్ల’.

1948 నాటికి హైదరాబాద్ సంస్థానంలో ఆయుధాలు పట్టిన వాళ్ళు రెండు రకాలు. ఒకటి, మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ కింద వున్న సంస్థాన సైన్యం. జీతాలు, యూనిఫారాలు, రెజిమెంట్లు వున్న ఫౌజు. రెండోది, కాసిం రజ్వీ నాయకత్వంలో మజ్లిస్ వాళ్ళు తయారు చేసిన రజాకార్లు, అంటే స్వచ్ఛంద దళాలు. పల్లెల మీద పడి దోచినదీ, కాల్చినదీ, చంపినదీ అంటే మన తాతలకు మొదట గుర్తొచ్చేది ఈ రెండో వాళ్ళు. హంబర్లు, స్టాగ్‌హౌండ్లు వుండింది మొదటి వాళ్ళ దగ్గర. సెప్టెంబరు 13 ఉదయం బెజవాడ వైపు నుంచి వచ్చిన దళాలకు కోదాడ దారిలో ఎదురు నిలిచింది ఆ ఆర్మర్డ్ కార్లే. పడమటి నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి నడిపిన ప్రధాన సైన్యం షోలాపూర్ రోడ్డున నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్ దాటి 16న జహీరాబాద్ చేరింది. దారిలో పాతిన మందుపాతరలు తీస్తూ రావలసి వచ్చింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో కాల్పులు ఆపమన్నాడు, 18న ఎద్రూస్ లొంగిపోయాడు. ఆ లొంగుబాటు ఫోటో చాలా పుస్తకాల్లో వుంది.

ఆ అమ్మాయి పర్‌దాదా సంస్థాన సైన్యంలో డ్రైవరుగా వున్నట్టు ఇంట్లో ఒక కాగితం వుంది, నేను చూశాను. ఆయన యుద్ధంలో ఎక్కడున్నాడో, అసలు వున్నాడో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాత ఊరికి వచ్చి మక్కలు వేసుకుంటూ బతికాడు. ఆయనను ‘రజాకారు’ అని అచ్చు వేస్తే? మన సావనీరు వెయ్యి కాపీలు. పదేళ్ళ తర్వాత ఎవరో పి.హెచ్.డి. విద్యార్థి ఆ పేజీ చూపించి ఇంకోచోట ఎత్తి రాస్తాడు. ఆ తర్వాత అది ‘ఆధారం’ అయిపోతుంది. నా 2008 ఫోటోకు అట్లాగే జరిగింది. తప్పు సవరణ వేయించాను, అది ఎవరూ చదవలేదు.

ఇంకో చిక్కు. హంబర్లు అటు పక్కా వున్నాయి, ఇటు పక్కా వున్నాయి. రెండు సైన్యాలకూ బండ్లు ఒకే బ్రిటిషు సరుకు లోంచి వచ్చినవి కదా. కాబట్టి ఒక ఆర్మర్డ్ కారు ఫోటో దొరికితే బండిని చూసి పక్షం నిర్ణయించలేం. నంబరు పలక, రెజిమెంటు గుర్తు, సైనికుల టోపీ బిళ్ళ, ఇవి కావాలి. మన ఫోటోలో నంబరు పలక మీద ఒక సైనికుడి కాలు అడ్డం వచ్చింది. బిళ్ళలు మసకగా వున్నాయి. కాబట్టి ‘సంస్థాన సైన్యం బండి’ అని కూడా క్యాప్షన్‌లో రాయలేదు. ‘డ్రైవరు అని కుటుంబం చెబుతున్నది’ అని మాత్రం రాశాం.

ఆ రోజుల గురించి రాసేటప్పుడు ఫోటోలో పడని దాన్ని కూడా తలుచుకోవాలి. ట్యాంకుల మీద పూలు చల్లుతున్న జనం ఫోటోలున్నాయి, అవి నిజం. రజాకార్ల పీడ వదిలిందని పల్లెలకు పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి, అదీ నిజం. సైన్యం ముందుకు పోయిన తర్వాత వారాల్లో బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాల్లో ముస్లిం కుటుంబాల మీద జరిగిన దానికి అట్లాంటి ఫోటో నేను చూడలేదు. అప్పుడు జహీరాబాద్ బీదర్ జిల్లాలోదే. పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్‌లు వున్న బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో తిరిగి చూసి, చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది వుంటారని ప్రభుత్వానికి రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు అచ్చు వేయలేదు. మా అమ్మ జొన్న చేలోంచి ఇంటికి వచ్చిన నాటికి పక్కింటి తలుపుకు తాళం వుంది. ఆ తాళం ఎన్నాళ్ళుందని అడిగితే, “దర్వాజ గూలేదాంక” అన్నది. అంతకంటే చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇన్ని సంగతులు ఒక ఫోటో కింద పట్టవు. కానీ ఒక్క తప్పు మాట పడితే ఇన్నిటినీ కప్పేయగలదు. సెప్టెంబరు 17ను విమోచనం అనేవారున్నారు, విలీనం అనేవారున్నారు, విద్రోహం అనేవారున్నారు. నేను ‘పోలీసు చర్య’ అనే మాట వాడాను. సైన్యాన్ని పంపి పోలీసు అనడం వింతే. అయినా మా అమ్మ తరం నోట వున్న మాట అది.

అచ్చు సంగతి రెండు మాటల్లో. మా కాలంలో సావనీరులో ఫోటో పడాలంటే హైదరాబాదు పోయి జింకు బ్లాకు చేయించుకు రావాలి. బ్లాకు ఖర్చు తగ్గించడానికి ఫోటోను అన్ని పక్కలా కత్తిరించేవాళ్ళం. అట్లా కత్తిరించిన అంచుల్లోనే చెట్టు, మైలు రాయి, దుకాణం బోర్డు పోయేవి. ఇప్పుడు ఆ ఖర్చు లేదు, కత్తిరించే అలవాటు మాత్రం పోలేదు. ఈ ఫోటోను ముందు వైపు, వెనక వైపు రెండూ స్కాను చేయించాం. చిరుగును పూడ్చలేదు, రంగులు వేయలేదు. సెల్‌ఫోనులో క్షణంలో రంగులు పూసే సౌకర్యం వచ్చింది గానీ, ఆ యూనిఫారం ఏ రంగుదో ఆ యంత్రానికి తెలియదు, మనకూ తెలియదు. ఇంకో చిన్న పరీక్ష నేర్చుకోండి: ‘ఒరిజినల్’ అని చేతికిచ్చిన ఫోటోను భూతద్దం కింద పెట్టండి. వరసగా చుక్కలు కనపడితే అది ఫోటో కాదు, అచ్చయిన కాగితం ముక్క. అప్పుడు అది ఏ పత్రికలోదో వెతకాలి. 2008లో నా ముక్క నిండా చుక్కలే, నా దగ్గర భూతద్దం కూడా వుంది!

ఇళ్ళలో పాత ఫోటోలున్న వాళ్ళు దయచేసి వాటిని లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ వేడికి ఫోటో దానికి అతుక్కుపోతుంది, వెనక రాత మళ్ళీ చదవడానికి రాదు. వెనక ఏమైనా రాయాలంటే మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు - నాలుగో ప్రశ్న మరవద్దు.

హక్కుల మాట కూడా కొందరు అడిగారు. కొత్త కాపీరైటు చట్టం 1958 జనవరిలో అమలులోకి వచ్చింది. అంతకు ముందు తీసిన ఫోటోలకు నెగటివు తయారైన నాటి నుంచి 50 ఏళ్ళ హక్కు వుండేది, 1948 ఫోటోకు అది తీరిపోయింది. యుద్ధకాలపు బ్రిటిషు ప్రభుత్వ ఫోటోలకు కూడా గడువు తీరింది, అయినా ఎక్కడి నుంచి తెచ్చామో, నంబరెంతో వేయడం మర్యాద. ఇంటి ఫోటోకయితే చట్టం ఎట్లా వున్నా ఇంటివారిని అడగడం ముఖ్యం. అందుకని అమ్మాయి వెంట వాళ్ళ ఊరికి పోయి తండ్రిని కలిశాను. క్యాప్షన్ మొత్తం చదివి వినిపించాను. అది ఇది:

‘హంబర్ ఆర్మర్డ్ కారు ముందు నలుగురు సైనికులు. ఫోటో వెనక ఉర్దూలో “సన్ 1357” అని వుంది. ఈ రకం బండి 1941కి ముందు లేదు గనక ఇది ఫసలీ సంవత్సరం, అంటే 1947 అక్టోబరు - 1948 అక్టోబరు. సికిందరాబాద్ స్టూడియో ముద్ర వుంది. తీసిన స్థలం తెలియదు. ఎడమ నుంచి రెండో వ్యక్తి హైదరాబాద్ సంస్థాన సైన్యంలో డ్రైవరు అని కుటుంబ సభ్యులు చెప్పారు. మిగతా ముగ్గురి వివరాలు తెలియవు. పోలీసు చర్యలో ఈ బండి పాల్గొన్నట్టు ఆధారం లేదు. కుడి పై మూల అసలు ఫోటోలోనే చిరిగింది. కుటుంబ సభ్యుల అనుమతితో.’

ఆయన మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. ‘అరుదైన చిత్రం’ అనే మాట తీసేశామని అమ్మాయి తండ్రికి చెప్పింది. పర్‌దాదా పేరు కూడా వేద్దామా అని నేను అడిగాను. ఆయన కొంచెంసేపు ఫోటో వంక చూసి, “ఫోటో ఏస్కోండ్రి సార్. పేరెందుకు? మల్ల ఎవరన్న ఏమన్న అంటరు. బండి పేరు రాసిండ్రు గద, చాలు” అన్నాడు.

పేరు వేయలేదు. అసలు ఫోటో వాళ్ళ సందుకలోకే వెళ్ళింది. ముందు వెనకల స్కాను కాపీలు, క్యాప్షన్‌తో సహా, కాలేజీ లైబ్రరీలో వున్నాయి. నంబరు పలక మీద కాలు పెట్టిన సైనికుణ్ణి ఎవరైనా గుర్తుపడితే చరిత్ర విభాగంలో చెప్పండి.